కొమ్మకు కట్టిన చీటీ, రెండు అంగీలు: కతోలిక విచారణలలో ఆగమన కాలపు దానంపై ఒక విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతం

క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాల కాలాన్ని కతోలిక సంఘం ఆగమన కాలం అంటుంది. లూథరన్, ఆంగ్లికన్ సంప్రదాయాలకు చెందిన మన సంఘాలలో అడ్వెంట్ అనే పేరుతో ఇది సుపరిచితమే. ఈ కాలంలో బలిపీఠంపై ఊదారంగు వస్త్రం పరుస్తారు. ఆదివార పూజలో "మహోన్నతమున దేవునికి మహిమ" అనే స్తుతిగీతం పాడరు. వారానికొక కొవ్వొత్తి వెలిగిస్తారు. ఇవన్నీ నిరీక్షణకు గుర్తులు. అయితే ఇదే కాలం దానధర్మాలు ముమ్మరంగా జరిగే కాలం కూడా. నిరీక్షణకూ దానానికీ ఉన్న సంబంధం ఏమిటి? ఒకటి రెండవదాని నుండి పుట్టిందా, లేక రెండూ క్యాలెండరులో పక్కపక్కన ఉండడం చేత కలిసిపోయాయా? ఈ వ్యాసంలో పరిశీలించదలచిన ప్రశ్న ఇది.

పరిశీలనకు ఒక నిర్దిష్టమైన ఆచారాన్ని ఎంచుకోవడం మంచిది. అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని అనేక కతోలిక విచారణలలో (పారిష్‌ను తెలుగు కతోలికులు విచారణ అంటారు) ఆగమన కాలంలో "గివింగ్ ట్రీ", అంటే దానవృక్షం, అనే ఆచారం ఉంది. ఆంధ్ర, తెలంగాణ మేత్రాసనాలకు చెందిన గురువులు అనేకులు నేడు ఆ దేశపు విచారణలలో సేవ చేస్తున్నారు. కనుక ఇది మనకు పూర్తిగా పరాయి విషయం కాదు. అంతకంటే ముఖ్యంగా, ఈ ఆచారంలోని వేదాంతపరమైన ప్రశ్న ఏ సంఘానికైనా వర్తిస్తుంది.

ఈ వ్యాసపు ప్రతిపాదన క్లుప్తంగా ఇది. దానవృక్షం విశ్వాసిని కొత్త వస్తువు కొని ఇమ్మని అడుగుతుంది. ఆగమన కాలం మాత్రం తనకు ఉన్నదానిలో తగ్గించుకొని ఇమ్మని, ఆ ఇవ్వడంలో పేదవానితో కలిసి ప్రభువు కోసం ఎదురుచూడమని అడుగుతుంది. ఈ రెండూ ఒకటి కావు. మొదటిది రెండవదాని స్థానాన్ని ఆక్రమించినప్పుడు దానం పెరగవచ్చు గాని, ఆగమన కాలం ఖాళీ అవుతుంది.

1. దానవృక్షం పనిచేసే విధానం

ఆగమన కాలపు మొదటి ఆదివారం నాటికి, లేదా అంతకు కొద్ది రోజుల ముందే, ఆలయ ముఖద్వారం దగ్గర ఒక క్రిస్మస్ చెట్టు నిలబెడతారు. దాని కొమ్మలకు అలంకారాలకు బదులు కాగితపు చీటీలు వేలాడుతూ ఉంటాయి. ప్రతి చీటీపై ఒక అవసరం వ్రాసి ఉంటుంది: ఎనిమిదేళ్ల బాలుడు, చలికోటు, ఫలానా కొలత, లేదా ఐదేళ్ల బాలిక, బొమ్మ, లేదా వృద్ధాశ్రమంలోని ఒక స్త్రీ, దుప్పటి. పేరు ఉండదు. పూజ ముగిసి బయటకు వెళ్లేవారు ఒక చీటీ తీసుకొని, ఆ వస్తువు కొని, చీటీని దానికే అతికించి, సాధారణంగా మూడవ ఆదివారం నాటికి తెచ్చి ఇస్తారు. స్వచ్ఛంద సేవకులు వాటిని సరిచూసి, క్రిస్మస్ లోపల ఆయా కుటుంబాలకు చేరవేస్తారు. కొన్ని విచారణలలో ఈ బాధ్యతను సెయింట్ విన్సెంట్ డి పాల్ సొసైటీ స్థానిక శాఖ చూస్తుంది.

ఇటువంటి పద్ధతి కతోలికులది మాత్రమే కాదు. 1979లో వర్జీనియా రాష్ట్రంలోని లించ్‌బర్గ్‌లో సాల్వేషన్ ఆర్మీకి చెందిన చార్లెస్, షర్లీ వైట్ దంపతులు ఒక వ్యాపార సముదాయంలో "ఏంజెల్ ట్రీ"ని ప్రారంభించారు. దేవదూతల బొమ్మలున్న కార్డులపై పిల్లల కోరికలు వ్రాసి చెట్టుకు కట్టారు. ఆ చెట్టును నిలబెట్టిన చోటు గమనించదగినది. అది కొనుగోళ్లు జరిగే చోటు. కొనడానికి వచ్చినవాడు మరొకరి కోసం కూడా కొంటాడన్న ఆలోచన అక్కడ సహజమైనది. దానిని తప్పుపట్టవలసిన పని లేదు. అయితే అదే రూపంలోని చెట్టు ఆలయ ద్వారం దగ్గర నిలిచినప్పుడు, తనతోపాటు ఆ కొనుగోళ్ల తర్కాన్ని కూడా లోపలికి తెస్తుందా అన్నది అడగవలసిన ప్రశ్న.

ఈ ప్రశ్నకు క్యాలెండరు మరింత పదును పెడుతుంది. 2025లో అమెరికాలో కృతజ్ఞతా దినం నవంబరు 27న వచ్చింది. మరునాడు "బ్లాక్ ఫ్రైడే" అనే పెద్ద కొనుగోళ్ల దినం. నవంబరు 30 ఆగమన కాలపు మొదటి ఆదివారం. డిసెంబరు 2 "గివింగ్ ట్యూజ్‌డే", అంటే 2012లో న్యూయార్క్‌లో మొదలైన దాన దినం. ఒకే వారంలో తినడం, కొనడం, నిరీక్షించడం, ఇవ్వడం వరుసగా వచ్చాయి. దీనికి తోడు వృద్ధులైన మఠకన్యలు, మఠవాసుల పోషణ కోసం 1988 నుండి దేశమంతటా ఏటా జరిగే ప్రత్యేక చందా కూడా సాధారణంగా డిసెంబరు రెండవ వారాంతంలోనే వస్తుంది. ఇన్ని పిలుపుల మధ్య విశ్వాసికి ఆగమన కాలం మరొక చందా కాలంగా కనబడితే అది అతని తప్పు మాత్రమే కాదు.

2. దానానికి మూలం ఉపవాసం

ఆగమన కాలానికీ దానానికీ ఉన్న సంబంధం పురాతనమైనది. అయితే ఆ సంబంధాన్ని కలిపినది క్రిస్మస్ బహుమతి కాదు, ఉపవాసం.

5వ శతాబ్ది చివరి భాగంలో తూర్ పీఠాధిపతియైన పెర్పెతువుసు, పునీత మార్టిను పండుగ (నవంబరు 11) మొదలుకొని క్రిస్మస్ వరకు వారానికి మూడు దినాలు ఉపవాసం ఉండాలని ఏర్పాటు చేసినట్లు తూర్ గ్రెగొరీ తన చరిత్ర గ్రంథంలో వ్రాశాడు. 6వ శతాబ్ది చివరి భాగంలో మాకోన్ సభ కూడా ఇటువంటి నియమాన్నే చేసింది. పశ్చిమ సంఘంలో ఆగమన కాలానికి పూర్వరూపాలలో ఇది ఒకటి. ఈ ఉపవాసానికి గడప మార్టిను పండుగ కావడం గమనించాలి. సైనికుడిగా ఉన్నప్పుడు అమియెన్ పట్టణ ద్వారం దగ్గర చలికి వణుకుతున్న బిచ్చగాణ్ణి చూసి, తన పైవస్త్రాన్ని కత్తితో రెండుగా కోసి సగం ఇచ్చినవాడు మార్టిను. ఆ రాత్రి కలలో క్రీస్తు ఆ సగం వస్త్రాన్ని ధరించి కనబడినట్లు సుల్పీషియస్ సెవెరుసు వ్రాశాడు. మార్టిను కొత్త వస్త్రం కొని ఇవ్వలేదు. ఒంటిమీద ఉన్నదానినే కోశాడు. ఇచ్చిన తరువాత అతనికీ కొంత చలి మిగిలింది.

రోములో ఆగమన కాలం ఇంకా స్థిరపడక ముందే డిసెంబరు నెలలో ఒక ఉపవాసం ఉండేది. ప్రాచీన గణనలో డిసెంబరు పదవ నెల గనుక దానిని పదవ నెల ఉపవాసం అన్నారు. 440 నుండి 461 వరకు పోపుగా ఉన్న లియో ఈ ఉపవాసాన్ని గూర్చి చేసిన ప్రసంగాలు అనేకం మనకు లభించాయి. వాటిలో ఆయన మరల మరల చెప్పే విషయం ఒకటే: ఉపవాసి తాను తినక మిగిల్చినది పేదవానికి భోజనం కావాలి. దానం లేని ఉపవాసం శరీరాన్ని బాధించడమే గాని ఆత్మకు ప్రయోజనం చేయదు. పంటలు ఇంటికి చేరిన కాలం గనుక కృతజ్ఞత కూడా ఈ మార్గంలోనే చెల్లించాలని ఆయన బోధ. లియో చూపిన ఈ వరుసలో ముందు నా పళ్లెంలో తగ్గాలి, తగ్గినది అతని పళ్లెంలోకి వెళ్లాలి.

దానవృక్షంలో ఈ మొదటి మెట్టు లేదు. చీటీ తీసుకున్నవాడు తన పండుగ భోజనంలో, తన పిల్లల బహుమతులలో ఏమీ తగ్గించుకోనవసరం లేదు. తన కొనుగోళ్ల జాబితాకు ఒక వస్తువు చేర్చితే చాలు. ఆ వస్తువు అందుకున్న పిల్లవానికి అది నిజమైన మేలే. కోటు కోటే, ఉపవాసం నుండి వచ్చినా, దుకాణం నుండి వచ్చినా అది చలి ఆపుతుంది. మన విమర్శ ఆ పిల్లవాని కోటు మీద కాదు, ఇచ్చినవాని ఆగమన కాలం మీద. ఏమీ తగ్గకుండా ఇచ్చినవానికి, ఇచ్చిన తరువాత ప్రభువు కోసం ఆకలితో ఎదురుచూచే స్థితి ఎక్కడ నుండి వస్తుంది?

3. యోహాను ఇచ్చిన మూడు జవాబులు

కతోలిక సంఘపు ఆదివార పఠనాలు మూడు సంవత్సరాల చక్రంలో సాగుతాయి. "సి" సంవత్సరంలో ఆగమన కాలపు మూడవ ఆదివారం చదివే సువార్త లూకా 3:10-18. ఇది ఇటీవల 2024 డిసెంబరు 15న చదవబడింది. సాధారణంగా విశ్వాసులు బహుమతులు తెచ్చి ఇచ్చే గడువు కూడా ఈ మూడవ ఆదివారమే. అంటే చెట్టు దగ్గర పొట్లాలు పేరుకొని ఉన్న దినాన, లోపల బాప్తిస్మమిచ్చు యోహాను బోధ వినబడుతుంది. ఈ సందర్భాన్ని ప్రసంగీకులు చక్కగా ఉపయోగించుకుంటారు. రెండు అంగీలున్నవాడు లేనివానికి ఒకటి ఇవ్వాలన్న మాట చెప్పి, చెట్టు వైపు చూపిస్తారు.

అయితే ఈ భాగంలో ప్రశ్న మూడుసార్లు అడగబడింది, జవాబులు కూడా మూడు. జనసమూహానికి యోహాను చెప్పినది అంగీ, ఆహారం పంచుకొమ్మని. సుంకరులకు చెప్పినది నిర్ణయించినదానికంటే ఎక్కువ వసూలు చేయవద్దని. సైనికులకు చెప్పినది బెదిరించి గాని అబద్ధపు నేరం మోపి గాని ఎవరి సొమ్మూ లాక్కోవద్దని, తమ జీతంతో తృప్తిపడమని. మొదటి జవాబు పంచుకోవడాన్ని గూర్చినది. తక్కిన రెండూ సంపాదించే విధానాన్ని గూర్చినవి. లూకా ఈ మూడింటినీ ఒకే మారుమనస్సుకు తగిన ఫలాలుగా చూపుతున్నాడు (3:8). మొదటి ఫలాన్ని కోసుకొని తక్కినవాటిని చెట్టుకే వదలివేయడానికి పాఠ్యం అనుమతించదు.

మొదటి జవాబును కూడా జాగ్రత్తగా చదవాలి. యోహాను రెండు అంగీలున్నవానితో మూడవ అంగీ కొని ఇమ్మని చెప్పలేదు. ఉన్న రెండింటిలో ఒకటి ఇమ్మన్నాడు. అలా ఇచ్చిన తరువాత ఇద్దరి దగ్గరా ఒక్కొక్క అంగీ ఉంటుంది. ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ సమానులవుతారు. దానవృక్షం వలన ఇటువంటి సమానత్వం రాదు. ఇచ్చినవానికి రెండు అంగీలు అలాగే ఉంటాయి.

తక్కిన రెండు జవాబులు విచారణలో వినిపించాలంటే ప్రసంగం చెట్టును దాటి వెళ్లాలి. ఆ చలికోటు అవసరమైన బాలుని తండ్రి ఎక్కడ పనిచేస్తున్నాడు? అతనికి జీతం ఇచ్చేవారు ఎవరు? వారు ఇదే ఆలయంలో ముందు వరుసలో కూర్చుంటున్నారా? 2025 నవంబరులో అమెరికా ప్రభుత్వ కార్యకలాపాలు స్తంభించినప్పుడు, సుమారు 4.2 కోట్ల మంది ఆధారపడిన ఆహార సహాయ పథకపు చెల్లింపులకు ఆటంకం కలిగింది. అటువంటి ఆకలి చీటీపై వ్రాయడానికి వీలైనది కాదు. సుంకరి ప్రశ్న, సైనికుని ప్రశ్న అడిగే సంఘం మాత్రమే దానిని గూర్చి మాట్లాడగలదు.

4. పేరు లేని దానం: సమర్థన, దాని పరిమితి

దానవృక్షాన్ని సమర్థించేవారి వాదనలో బలముంది. దానిని న్యాయంగా వినాలి. కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదని ప్రభువే బోధించాడు (మత్తయి 6:3). చీటీపై పేరు లేకపోవడం చేత పుచ్చుకునే కుటుంబం సిగ్గుపడనవసరం లేదు. ఇచ్చినవాడు పొగడ్త ఆశించే వీలు లేదు. ఆగమన కాలంలోనే, డిసెంబరు 6న, పండుగ జరుపుకొనే పునీత నికొలాసు కూడా రహస్య దానానికి ప్రసిద్ధుడు. కట్నం ఇవ్వలేని ఒక తండ్రి ముగ్గురు కుమార్తెల కోసం ఆయన రాత్రివేళ ఆ ఇంటిలోకి బంగారం విసిరాడని సంప్రదాయం చెబుతుంది.

నేటి పరిస్థితిలో ఈ వాదనకు మరొక ఆధారం కూడా ఉంది. 2025 జూలైలో కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినో పీఠాధిపతి అల్బెర్తో రోహాస్, వలస చట్టాల అమలు చర్యలకు భయపడి ఆలయానికి రాలేకపోతున్న వారికి ఆదివార పూజ బాధ్యత నుండి మినహాయింపు ఇచ్చారు. ఇటువంటి చోట ఒక పేద కుటుంబపు పేరును, చిరునామాను ఎవరికి తెలియజేయాలి అన్నది చిన్న విషయం కాదు. పేరు దాచడం అక్కడ మర్యాద మాత్రమే కాదు, రక్షణ కూడా.

అయినప్పటికీ నికొలాసు దానానికీ చీటీకీ ఒక తేడా ఉంది. నికొలాసు ఎవరో ఆ తండ్రికి తెలియదు. కాని ఆ తండ్రి ఎవరో, అతని ఇల్లు ఎక్కడో, ఆ ఇంటి దుఃఖమేమిటో నికొలాసుకు తెలుసు. అక్కడ దాగినది ఇచ్చినవాడు. దానవృక్షం దగ్గర ఇచ్చినవాడూ దాగుతాడు, పుచ్చుకున్నవాడూ దాగుతాడు. జాబితా చూసేవారికి తప్ప ఎవరికీ ఎవరూ తెలియరు. ప్రభువు ఎడమచేతికి తెలియకూడదన్నాడు గాని, పొరుగువాడు ఎవరో తెలియకూడదని అనలేదు.

ఆ శాన్ బెర్నార్డినో ఉదాహరణనే మరొక వైపు నుండి చూడవచ్చు. భయం చేత పూజకు రాలేని కుటుంబం విచారణకు బయటివారు కాదు, విచారణ సభ్యులే. వారి పిల్లవాని చీటీ ద్వారం దగ్గర వేలాడుతూ, వారి స్థలం లోపల ఖాళీగా ఉంటే, ఆ విచారణకు లోటు కోటు మాత్రమే కాదు. పేరు దాచవలసిన అవసరం ఎంత నిజమో, ఆ ఖాళీ స్థలాన్ని గమనించి దుఃఖించవలసిన అవసరం కూడా అంతే నిజం.

బహుమతి అందించే ఘట్టంలోని సమస్యను రాబర్ట్ లప్టన్ తన "టాక్సిక్ చారిటీ" (2011) అనే గ్రంథంలో చర్చించాడు. ఈయన అట్లాంటా నగరంలోని పేదవాడలలో దశాబ్దాలు పనిచేసిన ప్రొటెస్టంటు సేవకుడు. క్రిస్మస్ బహుమతులతో దాతలు ఇంటికి వచ్చినప్పుడు పిల్లలు సంతోషించడం, తల్లి కొంత ఇబ్బంది పడడం, తండ్రి పెరటి దారిన బయటకు వెళ్లిపోవడం ఆయన గమనించాడు. తన పిల్లలకు తాను ఇవ్వలేనిది పరాయివాడు తన కళ్లెదుటే ఇస్తుంటే ఆ తండ్రి నిలువలేకపోయాడు. అందుచేత లప్టన్ సహచరులు బొమ్మలను ఒక దుకాణంలో తక్కువ ధరకు ఉంచారు. తల్లిదండ్రులే వచ్చి కొనుక్కొని తమ పిల్లలకు ఇచ్చుకోవచ్చు. డబ్బు లేనివారికి అక్కడే పని కల్పించారు. ఈ పద్ధతి కూడా కొనుగోలు పరిధిలోనే ఉన్నదన్న మాట నిజమే. కాని బహుమతి ఇచ్చే హక్కును అది తండ్రికి తిరిగి ఇచ్చింది. దానవృక్షం ఆ హక్కును తెలియకుండానే తీసుకుంటుంది. పేరు దాచినంత మాత్రాన ఈ గాయం మానదు. చీటీపై పేరు లేకపోయినా, పొట్లం తెరిచే ఇంటిలో ఒక తండ్రి ఉంటాడు.

5. చెట్టు, బలిపీఠం

2వ శతాబ్ది మధ్యకాలంలో జస్టిను తన మొదటి సమర్థన గ్రంథంలో (67వ అధ్యాయం) ఆదివార ఆరాధనను వర్ణించాడు. లేఖనాలు చదువుతారు, ప్రసంగం వింటారు, రొట్టె, ద్రాక్షారసాలపై కృతజ్ఞతాస్తుతి చెల్లించి పంచుకుంటారు, రాలేనివారికి డీకనుల చేత పంపుతారు. స్తోమత ఉన్నవారు ఇష్టపూర్వకంగా ఇచ్చినది అధ్యక్షుని దగ్గర ఉంచుతారు. ఆయన దానితో అనాథలను, విధవరాండ్రను, రోగులను, చెరలో ఉన్నవారిని, పరదేశులను ఆదుకుంటాడు. ఇక్కడ దానం ఆరాధన ముగిశాక ద్వారం దగ్గర జరిగే పని కాదు, ఆరాధనలోనే ఒక భాగం.

పోపు 16వ బెనెడిక్ట్ తన మొదటి విశ్వలేఖలో (2005 డిసెంబరు 25 తేదీతో వెలువడినది) జస్టిను సాక్ష్యాన్ని ప్రస్తావించాడు. వాక్య ప్రకటన, సంస్కారాల ఆచరణ, ప్రేమసేవ అనే మూడూ సంఘ స్వభావానికి చెందినవనీ, ఒకదానిని విడిచి మరొకటి ఉండదనీ బోధించాడు. ఇచ్చేవాడు వస్తువును మాత్రమే కాక తనను తాను ఇవ్వాలనీ, లేకపోతే ఆ దానం పుచ్చుకునేవానిని కించపరచగలదనీ అదే లేఖలో హెచ్చరించాడు. రోమను పూజా గ్రంథపు సాధారణ సూచనలు కూడా (73వ పేరా) పేదల కోసం విశ్వాసులు తెచ్చే కానుకలను పూజలో స్వీకరించవచ్చనీ, వాటిని బలిపీఠపు బల్ల మీద కాక తగిన మరొక చోట ఉంచాలనీ చెబుతున్నాయి.

కనుక కతోలిక సంఘపు సొంత నియమాలలోనే దారి ఉంది. కానుకల ఊరేగింపులో రొట్టె, ద్రాక్షారసాల వెంట ఆ కోట్లూ దుప్పట్లూ కూడా ముందుకు రావచ్చు. ఇది అలంకారప్రాయమైన మార్పుగా కనబడవచ్చు. కాని ఆ వస్తువులు ఎవరికి ఇవ్వబడుతున్నాయన్న ప్రశ్నకు జవాబు దానితో మారుతుంది. ద్వారం దగ్గర ఇచ్చినది అవసరంలో ఉన్న ఒకరికి ఇచ్చినది. బలిపీఠం సమీపంలో ఉంచినది క్రీస్తుకు ఇచ్చినది, క్రీస్తు ద్వారా సహోదరునికి చేరేది. "ఎ" సంవత్సరంలో ఆగమన కాలానికి సరిగ్గా ముందటి ఆదివారం, క్రీస్తురాజు మహోత్సవాన, మత్తయి 25:31-46 చదువుతారు. ఆకలిగొన్నవానిలో, దిగంబరిలో రాజు దాగి ఉన్నాడన్న ఆ పాఠంతో దైవార్చన సంవత్సరం ముగుస్తుంది. మరుసటి ఆదివారం మెలకువగా ఉండి ప్రభువు కోసం ఎదురుచూడమన్న పిలుపుతో కొత్త సంవత్సరం మొదలవుతుంది. ఈ రెండు ఆదివారాలను కలిపి చదివినవానికి, తాను ఎదురుచూస్తున్న ప్రభువు ఏ రూపంలో తలుపు తడతాడో వేరుగా చెప్పనక్కరలేదు.

6. విచారణలోనే ఉన్న ప్రత్యామ్నాయాలు

పై విమర్శకు జవాబులు బయట వెదకనవసరం లేదు. అదే విచారణలో రెండు ఆచారాలు ఇప్పటికే ఉన్నాయి.

మొదటిది సెయింట్ విన్సెంట్ డి పాల్ సొసైటీ వారి గృహ సందర్శనం. 1833లో పారిస్‌లో 20 ఏళ్ల విద్యార్థి ఫ్రెడరిక్ ఒజనాం, మిత్రులతో కలిసి ఈ సంఘాన్ని ప్రారంభించాడు. పేదవాడలలో సేవచేస్తున్న సిస్టర్ రోసలీ రాండ్యూ వారికి దారి చూపింది. 1845లో సెయింట్ లూయీ నగరంలో అమెరికాలోని మొదటి శాఖ ఏర్పడింది. సభ్యులు ఇద్దరిద్దరుగా ఇంటికి వెళ్లి, కూర్చొని, విని, ఆ తరువాత సహాయం చేయడం ఈ సంఘపు మూల పద్ధతి. పేరు బయటపెట్టకుండానే మనిషిని ఎరుగడం సాధ్యమని ఇది నిరూపిస్తుంది. దానవృక్షపు జాబితా వెనుక ఇటువంటి సందర్శనం ఉన్న విచారణకూ, జాబితా మాత్రమే ఉన్న విచారణకూ చాలా వ్యత్యాసం ఉంది. మొదటిదానిలో చీటీ ఒక పరిచయానికి ఫలితం. రెండవదానిలో చీటీ పరిచయానికి బదులు.

రెండవది మెక్సికో సంప్రదాయం నుండి వచ్చిన "లాస్ పోసాదాస్". డిసెంబరు 16 నుండి 24 వరకు తొమ్మిది రాత్రులు, మరియ, యోసేపులు బస కోసం వెదకిన సంఘటనను గుర్తుచేస్తూ విశ్వాసులు ఊరేగింపుగా ఇంటింటికీ వెళ్లి పాటలో చోటు అడుగుతారు. కొన్ని తలుపులు తెరుచుకోవు. చివరకు ఒక తలుపు తెరుచుకుంటుంది. అందరూ లోపలికి వెళ్లి ప్రార్థించి భోజనం చేస్తారు. లాటిన్ అమెరికా మూలాలున్న కుటుంబాలు గల విచారణలలో ఇది వాడుకలో ఉంది. చెట్టు దగ్గర చీటీగా ఉన్న కుటుంబమే ఇక్కడ తలుపు తెరిచి అన్నం పెట్టే కుటుంబం కావచ్చు. కోటు కొని ఇచ్చిన కుటుంబం ఆ రాత్రి వారి గుమ్మం ముందు నిలబడి చోటు అడగవచ్చు. పేదలే మనకు సువార్త ప్రకటిస్తారని పోపు ఫ్రాన్సిస్ 2013లో వ్రాసిన మాటకు ఇంతకంటే స్పష్టమైన ఆచరణ ఈ కాలంలో అరుదు. అయితే అనేకచోట్ల పోసాదాస్ ఒక భాషవారి పండుగగా, దానవృక్షం మరొక భాషవారి కార్యక్రమంగా మిగిలిపోయే ప్రమాదం ఉంది. ఈ రెండింటినీ కలపడం విచారణ గురువు చేయగల పని.

2025 అక్టోబరులో పోపు 14వ లియో విడుదల చేసిన "దిలెక్సి తే" అనే ప్రబోధం పేదల పట్ల ప్రేమను గూర్చినది. అది ముగింపు భాగంలో బిచ్చమివ్వడాన్ని తేలికగా చూడవద్దని కోరుతుంది. న్యాయం కోసం పనిచేయడం, పేదవానికి పని దొరికేలా చేయడం ముఖ్యమైనవే, కాని అవి నెరవేరేలోగా చేయి చాచినవానిని విడిచిపెట్టరాదని దాని భావం. దానవృక్షాన్ని పూర్తిగా తీసివేయాలనే విమర్శకులకు ఇది తగిన జవాబు. అయితే అదే భాగంలో దానం అంటే ఆగి, పేదవాని కళ్లలోకి చూసి, తాకి, తనకున్నదానిలో పంచుకోవడమని కూడా చెప్పబడింది. చీటీకి కళ్లు లేవు.

7. మన సంఘాలకు వర్తింపు

ఈ విమర్శను అమెరికా విచారణలకే పరిమితం చేసి మనం తృప్తిపడడానికి వీలులేదు. మన సంఘాలలో క్రిస్మస్ ముందు చీరలు, దుప్పట్లు, బియ్యం పంచే సభలు జరుగుతాయి. వేదిక మీద బ్యానరు, దానిపై దాతల పేర్లు, ఫొటోలు ఉంటాయి. విధవరాండ్రు వరుసలో వచ్చి, కెమెరా వైపు తిరిగి, చీర పుచ్చుకుంటారు. అక్కడి లోపం పుచ్చుకునేవానికి పేరు లేకపోవడమైతే, ఇక్కడి లోపం ఇచ్చేవాని పేరు మరీ పెద్దది కావడం. అక్కడ ఇద్దరూ దాగుతారు. ఇక్కడ దాగవలసినవాడు వేదికపై నిలబడతాడు, మర్యాద కాపాడవలసినవారిని బహిరంగంగా నిలబెడతాడు. నికొలాసు మార్గం ఈ రెండింటికీ భిన్నమైనది.

లియో చెప్పిన వరుసకు దగ్గరగా ఉన్న ఆచారం మన దేశంలోనే ఉంది. మిజోరంలో స్త్రీలు వంట చేసే ప్రతిసారి పిడికెడు బియ్యం తీసి ప్రక్కన పెట్టి సంఘానికి ఇచ్చే పద్ధతి 1910 నుండి ప్రెస్బిటేరియన్ సంఘంలో కొనసాగుతోంది. దానిని సంఘ సేవకు ఉపయోగిస్తారు. అక్కడ బియ్యం అన్నం కుండలో నుండి తగ్గుతుంది. ధనికురాలి కుండలోనూ, పేదరాలి కుండలోనూ తగ్గుతుంది. ఇచ్చేవారు, పుచ్చుకునేవారు అని సంఘం రెండుగా చీలదు. ఆగమన కాలపు నాలుగు వారాలు ఏ సంఘమైనా దీనిని ఆచరించవచ్చు.

ముగింపు

ఈ పరిశీలన నుండి సంఘ కాపరులు అడుగదగిన ప్రశ్నలు మూడు తేలుతున్నాయి. మొదటిది, ఈ దానం వలన ఇచ్చేవారి ఇంట్లో ఏమైనా తగ్గిందా? రెండవది, పుచ్చుకునే కుటుంబాన్ని సంఘంలో ఎవరైనా ఇంటికి వెళ్లి ఎరిగి ఉన్నారా, ఆ ఇంటి తల్లిదండ్రుల గౌరవం నిలిచిందా? మూడవది, ఈ దానం ఆరాధనలో చోటు పొందిందా, లేక ఆరాధన అయిపోయాక గుర్తుకు వచ్చిందా? ఈ మూడింటికీ అవునని చెప్పగల సంఘం చెట్టు నిలబెట్టినా, నిలబెట్టకపోయినా ఒక్కటే. ఒక్కదానికీ అవునని చెప్పలేని సంఘం ఎన్ని పొట్లాలు పంచినా, క్రిస్మస్ బహుమతులు పంచినట్లవుతుంది గాని ఆగమన కాలాన్ని ఆచరించినట్లు కాదు.

సుంకరి, సైనికుడు అడిగిన ప్రశ్నలను వీటితో కలపకుండా విడిచిపెట్టలేము. ఆ చీటీ వచ్చే ఏడు కూడా అదే కుటుంబం పేరిట వేలాడితే, సంఘం ఈ ఏడు ఇచ్చిన కోటును గూర్చి సంతోషిస్తూనే, ఆ కోటు ఎందుకు అవసరమైందని అడగాలి. మారుమనస్సుకు తగిన ఫలాలు అని యోహాను అన్నాడే గాని ఫలం అనలేదు. ఆగమన కాలపు ప్రసంగం ఆ బహువచనాన్ని కాపాడవలసిన బాధ్యత ప్రసంగీకునిది.